కూర్చోబెట్టాక ఏం చేస్తారు? బ్రైస్ యంగ్ కేసు, పక్కన నా తప్పు ఒకటి

2024 సెప్టెంబర్ 15, ఆదివారం. షార్లెట్‌లోని బ్యాంక్ ఆఫ్ అమెరికా స్టేడియంలో కరోలినా పాంథర్స్ 26-3తో లాస్ ఏంజెలిస్ చార్జర్స్ చేతిలో ఓడింది. ఓడటం వాళ్ళకి కొత్త కాదు. అంతకుముందు ఏడాది 17 మ్యాచ్‌లలో 15 ఓడిన జట్టు అది. నా కళ్ళు మాత్రం క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు తరఫున బంతి విసిరేవాడు, బ్రైస్ యంగ్ లెక్క దగ్గర ఆగిపోయాయి. 26 సార్లు బంతి విసిరాడు, 18 సార్లు అందింది, మొత్తం వచ్చింది 84 గజాలు.

ఈ ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఆడేది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళకి పోతుంది. యంగ్ లెక్క చూస్తే పదింట ఏడు బంతులు అందినట్టే, శాతం బ్రహ్మాండంగా ఉంది. కానీ విసిరిన ఒక్కో బంతికి వచ్చింది మూడు గజాల చిల్లర. టీ20లో ఇరవై ఓవర్లూ నాటౌట్‌గా నిలబడి 30 పరుగులు చేసిన ఓపెనర్‌ని ఊహించుకోండి. అవుట్ కాలేదు, మ్యాచ్ మాత్రం పోయింది. తప్పు చేస్తానేమోనన్న భయంతో దగ్గర్లో ఖాళీగా కనిపించినవాడికి బంతి ఇచ్చేసి గండం గడుపుకునే కుర్రాడి అంకెలు ఇలాగే ఉంటాయి. నేను ఏటా కనీసం ఒకణ్ణి ఇలాంటివాణ్ణి చూస్తాను. నేను చూసేవాళ్ళకి పదిహేనేళ్ళు, యంగ్‌కి అప్పుడు ఇరవై మూడు.

మర్నాడే హెడ్ కోచ్ డేవ్ కనాలెస్ అతన్ని పక్కన పెట్టి, 36 ఏళ్ళ ఆండీ డాల్టన్‌ని ఆడిస్తామని ప్రకటించాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ఈ ప్రొఫెషనల్ లీగ్‌లో జట్లు ఏటా కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన ఆటగాడు, రెండో ఏడు, రెండే మ్యాచ్‌లు, బెంచ్.

నేను ఇక్కడ అమెరికాలో ఒక హైస్కూల్‌లో జూనియర్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌లను చూసుకునే అసిస్టెంట్ కోచ్‌ని. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం మైదానం. పాంథర్స్ లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలిసే అవకాశం లేదు. బయటికి కనిపించిన నిర్ణయాలు, మ్యాచ్‌ల వీడియోలు, అంకెలు, వీటితోనే ఈ కేసు రాస్తున్నాను. ఇదే రకం నిర్ణయం నేనూ ఒకసారి తీసుకుని చెడగొట్టాను కాబట్టి, ఆ సంగతీ చెబుతాను.

2023: మొదటి ఏడాది

యంగ్ అలబామా యూనివర్సిటీలో ఆడుతూ 2021లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. కాలేజీ ఆటగాళ్ళకి దాన్ని మించిన అవార్డు లేదు. ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు. మామూలు మనిషికి మంచి ఎత్తే, కానీ ముందు నిలబడే లైన్‌మెన్ ఆరున్నర అడుగులవాళ్ళు. వాళ్ళ భుజాల సందుల్లోంచి చూసి విసరాలి.

ఇతని కోసం పాంథర్స్ ఇచ్చిన ధర చూడండి. డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం షికాగో బేర్స్ దగ్గర ఉంటే, దానికి బదులుగా ఆ ఏడాది 9వ, 61వ ఎంపికలు, 2024 మొదటి రౌండ్ ఎంపిక, 2025 రెండో రౌండ్ ఎంపిక ఇచ్చారు. వాటి మీద కొసరుగా, విసిరిన బంతిని పరిగెత్తి అందుకునే రిసీవర్లలో తమ బెస్ట్, డీజే మూర్‌ని కూడా ఇచ్చేశారు. అంటే కొత్త కుర్రాడు బంతి విసరడానికి ఉన్న నమ్మకమైన చేతుల్ని ఆ కుర్రాణ్ణి కొనడానికే ఖర్చుపెట్టారు. పెళ్ళికొడుకుని తేవడానికి పెళ్ళిపందిరి అమ్మేసినట్టు.

ఆ తర్వాత గార్డ్‌ల సంగతి. క్వార్టర్‌బ్యాక్‌కి నేరుగా ఎదురుగా, బంతిని వెనక్కి అందించే సెంటర్‌కి అటూ ఇటూ నిలబడేవాళ్ళు గార్డ్‌లు. ఎడమ గార్డ్ బ్రేడీ క్రిస్టెన్సన్ సీజన్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడి ఇక ఆడలేదు. కుడివైపు ఆస్టిన్ కార్బెట్ పాత మోకాలి గాయం నుంచి ఆలస్యంగా తిరిగొచ్చి, నాలుగు మ్యాచ్‌లు ఆడి మళ్ళీ పడిపోయాడు. మధ్యలో ఎవరు దొరికితే వాళ్ళు. పొట్టి క్వార్టర్‌బ్యాక్‌కి అంచుల్లోంచి వచ్చేవాడికన్నా నడిమధ్యలోంచి తోసుకొచ్చేవాడే ఎక్కువ ప్రమాదం. పక్కనుంచి వచ్చేవాణ్ణి ఒక అడుగు ముందుకేసి తప్పించుకోవచ్చు. ఎదురుగా గోడ కూలి మీదకొస్తే ముందుకెళ్ళే దారీ ఉండదు, అవతల ఏముందో కనబడదు.

దీని మీద ఇంకోటి. హెడ్ కోచ్ ఫ్రాంక్ రైక్ మొదట తనే ప్లేలు పిలిచేవాడు, అంటే ప్రతి ప్రయత్నానికీ ఏ ఎత్తు వేయాలో తనే చెప్పేవాడు. ఆరు మ్యాచ్‌లూ ఓడాక ఆ పని థామస్ బ్రౌన్‌కి అప్పజెప్పాడు. మూడు మ్యాచ్‌ల తర్వాత మళ్ళీ తనే తీసుకున్నాడు. ఇంకో రెండు మ్యాచ్‌లకి, ఒక గెలుపు, పది ఓటముల దగ్గర, నవంబర్ 27న యాజమాన్యం రైక్‌ని తీసేసింది, మళ్ళీ బ్రౌన్ పిలిచాడు. అదే రోజు క్వార్టర్‌బ్యాక్‌ల కోచ్ జాష్ మెకౌన్‌ని కూడా పంపించేశారు. ప్లే పిలిచే మనిషి ఒక్క సీజన్‌లో మూడుసార్లు మారితే ఏమవుతుందో అర్థం కావాలంటే క్వార్టర్‌బ్యాక్ పని ఒకసారి దగ్గర్నుంచి చూడాలి.

ఒక ప్లే అయిపోగానే గడియారం 40 సెకన్ల నుంచి వెనక్కి నడుస్తుంది. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న స్పీకర్ ఉంటుంది, కోచ్ గొంతు అందులో వినిపిస్తుంది. గడియారం 15 దగ్గరికి రాగానే ఆ గొంతు తెగిపోతుంది. ఆ లోపు ప్లే పేరు వినాలి. పేరంటే ఒక పదం కాదు, కొన్నిసార్లు ఒక ఊపిరిలో చెప్పలేనంత పొడుగు. జట్టు గుండ్రంగా గుమిగూడే హడిల్‌లో దాన్ని పదిమందికి తప్పుల్లేకుండా అప్పజెప్పాలి. లైన్ దగ్గరికి వెళ్ళి అవతలి లైన్ వెనక నిలబడే మధ్య లైన్‌బ్యాకర్ ఎవరో వేలితో చూపించాలి. దాన్ని బట్టే మనవాళ్ళు ఎవరు ఎవర్ని ఆపాలో తేలుతుంది. అవతలివాళ్ళలో అందరికన్నా వెనక కాపలా ఉండే ఇద్దరు సేఫ్టీలు ఎక్కడ నిలబడ్డారో చూడాలి, ఎవరైనా దాడికి కాచుకుని ఉన్నారేమో పసిగట్టాలి. అప్పుడు స్నాప్, అంటే బంతి చేతికొస్తుంది. ఇక చేతిలో ఉండేది సుమారు రెండున్నర సెకన్లు. మొదటి రిసీవర్, లేకపోతే రెండోవాడు, లేకపోతే మూడోవాడు, పాదాలు కూడా కళ్ళతోపాటు అటే తిరగాలి.

ప్లే పిలిచే మనిషి మారితే ఇందులో మాటలు అవే ఉండొచ్చు, కానీ లయ మారిపోతుంది. ఏ పరిస్థితిలో ఏది పిలుస్తాడో ముందే ఊహించగలిగితేనే కుర్రాడి బుర్రలో ఇంకో పనికి చోటు మిగులుతుంది. అది లేనప్పుడు ప్రతి ప్లే ఒక కొత్త ప్రశ్నపత్రమే.

ఫలితం: 16 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచాడు. 2,877 గజాలు, 11 టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించి చేసే స్కోరు), 10 ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతిని అవతలివాళ్ళు పట్టేయడం). 62 సాక్‌లు. సాక్ అంటే బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పట్టుకుని నేలకేసి కొట్టడం. ఆ రెండు గెలుపుల్లో ఒకటి హ్యూస్టన్ మీద, 15-13. అవతల ఆడింది సి.జె. స్ట్రౌడ్, యంగ్ తర్వాత రెండో స్థానంలో ఎంపికైనవాడు. ఆ రోజు గెలిచింది యంగే, కానీ ఏడాది చివర్లో కొత్తవాళ్ళ అవార్డు స్ట్రౌడ్‌కి వెళ్ళింది. ఇక షార్లెట్‌లో ఏ టీ దుకాణంలో కూర్చున్నా ఒకటే మాట, 'తప్పు కుర్రాణ్ణి తెచ్చుకున్నాం' అని. ఇచ్చేసిన 2024 ఎంపిక, పాంథర్స్ అంత ఘోరంగా ఓడటం వల్ల, మొత్తం డ్రాఫ్ట్‌లో మొదటి స్థానమై కూర్చుంది. బేర్స్ దాంతో కేలెబ్ విలియమ్స్‌ని తీసుకున్నారు. పుండు మీద కారం.

62 అనే అంకె గురించి కాసేపు

కొత్త క్వార్టర్‌బ్యాక్ తడబడుతుంటే జనం ముందు చూసేది ఇంటర్‌సెప్షన్లు. నేను ముందు చూసేది సాక్‌లు.

1998లో పేటన్ మానింగ్ తన మొదటి సీజన్‌లో 28 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. కొత్త ఆటగాళ్ళలో అది రికార్డు. జట్టు 3 గెలిచి 13 ఓడింది. అయినా ఇండియానాపోలిస్ కోల్ట్స్ అతన్ని ఒక్క మ్యాచ్ కూడా కూర్చోబెట్టలేదు, తర్వాత అతను ఏమయ్యాడో ఈ ఆట చూసేవాళ్ళందరికీ తెలుసు. 'చూశారా, ఓపిక పట్టాలి' అని ఈ కథ చెప్పనివాళ్ళుండరు. కానీ ఆ ఏడాది మానింగ్‌కి పడిన సాక్‌లు 22. నిలబడి, చూసి, విసిరి, తప్పు చేశాడు. వీడియోలో తన తప్పు తనకి కనబడుతుంది, వచ్చే వారం ఆ కవరేజ్, అంటే అవతలివాళ్ళు రిసీవర్లని కాచే పద్ధతి, గుర్తుపడతాడు.

2002లో డేవిడ్ కార్ కథ వేరు. కొత్తగా పుట్టిన హ్యూస్టన్ టెక్సన్స్ అతన్ని మొదటి స్థానంలో తీసుకుంది. ఆ ఏడాది అతనికి పడినవి 76 సాక్‌లు. అతను అక్కడ ఇంకొన్నేళ్ళు ఆడాడు, తర్వాత బ్యాకప్‌గా ఊళ్ళు తిరిగాడు. ఆ ఊళ్ళలో షార్లెట్ కూడా ఒకటి. దెబ్బలు తినీ తినీ కళ్ళు కిందికి దిగిపోతాయి. దూరంగా పరిగెత్తే రిసీవర్‌ని చూడాల్సిన కళ్ళు ఎదురొచ్చే ఛాతీల్ని చూస్తుంటాయి. ఆ అలవాటు పట్టుకున్నాక ముందు మంచి లైన్ పెట్టినా వెంటనే వదలదు.

ఒక మినహాయింపు చెప్పాలి. సాక్‌లన్నీ లైన్ తప్పు కాదు. బంతి పట్టుకుని వేలాడే క్వార్టర్‌బ్యాక్ తన సాక్‌లు తనే కొనితెచ్చుకుంటాడు. యంగ్ కాలేజీలో మెలికలు తిరిగి, తప్పించుకుని, ప్లేని సాగదీసి గెలిచినవాడు. అదే పని ఇక్కడ చేయబోతే చుట్టూ ఉన్నవాళ్ళు అలబామా ప్రత్యర్థులకన్నా వేగం. 62లో కొన్ని కచ్చితంగా అతనివే.

మొత్తం మీద నా లెక్కలో అతను మానింగ్ వైపు కన్నా కార్ వైపు దగ్గర. 2023లోనే, మధ్యలో గార్డ్‌లు లేరని తేలిన నెలలోనే, డాల్టన్‌ని దింపి ఇతన్ని కాపాడాల్సింది. యంగ్‌కి చీలమండ నొప్పి చేసినప్పుడు సియాటిల్‌లో డాల్టన్ ఒక మ్యాచ్ ఆడాడు కూడా. కానీ అంత ధర పెట్టి తెచ్చినవాణ్ణి కూర్చోబెడితే యజమాని ముందు, టికెట్ కొన్నవాళ్ళ ముందు మొహం చెల్లదు. కొత్త ఆటగాడి కాంట్రాక్ట్ నాలుగేళ్ళే, ఆ నాలుగేళ్ళే అతను చవకగా దొరికేది. అందుకే జట్లు తొందరపడతాయి. కాన్సాస్ సిటీ 2017లో పాట్రిక్ మహోమ్స్‌ని దాదాపు సీజనంతా అలెక్స్ స్మిత్ వెనక ఉంచగలిగిందంటే, స్మిత్ గెలుస్తున్నాడు కాబట్టి. ఓడుతున్న జట్టుకి ఆ వెసులుబాటు లేదంటారు. నేను ఒప్పుకోను, కానీ ఆ కుర్చీలో నేను లేను.

2024: ఇక వంక లేదు

జనవరిలో జనరల్ మేనేజర్ స్కాట్ ఫిటరర్‌ని పంపించి, డాన్ మోర్గాన్‌కి ఆ పని ఇచ్చారు. కనాలెస్ వచ్చాడు. అతనికి పేరు తెచ్చినదే చెడిపోయారనుకున్న క్వార్టర్‌బ్యాక్‌లను నిలబెట్టడం. సియాటిల్‌లో జీనో స్మిత్ మళ్ళీ లేచినప్పుడు అతని కోచ్ ఇతనే. 2023లో టాంపా బేలో బేకర్ మేఫీల్డ్ లేచినప్పుడు ప్లేలు పిలిచిందీ ఇతనే.

మొదట చేసిన పని సరైనది, గార్డ్‌లను కొన్నారు. రాబర్ట్ హంట్‌కి అయిదేళ్ళకి 10 కోట్ల డాలర్లు, డేమియన్ లూయిస్‌కి నాలుగేళ్ళకి 5.3 కోట్లు. గార్డ్‌లకి అంత డబ్బా అని చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు.

అయినా సీజన్ మొదలైన రోజు న్యూ ఆర్లీన్స్‌లో 47-10. ఆ సీజన్‌లో యంగ్ విసిరిన మొదటి బంతే అవతలివాళ్ళ చేతిలో పడింది. 30 విసిరితే 13 అందాయి. వారం తర్వాత ఆ 84 గజాలు. రెండు మ్యాచ్‌లలో ఒక్క పాస్ టచ్‌డౌన్ లేదు, మూడు ఇంటర్‌సెప్షన్లు. ఈసారి గార్డ్‌లున్నారు, కోచ్ ఒక్కడే. తప్పు ఎవరి మీద వేయాలో వెతుక్కునే పని లేదు. పాత భయం కొత్త ఇంట్లోకి కూడా వచ్చేసింది, అంతే.

అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టడం తప్పు కాదన్నది నా అభిప్రాయం. తోటి ఆటగాళ్ళు యాభై మంది ఉంటారు. వాళ్ళ కాంట్రాక్టులు, వాళ్ళ మోకాళ్ళు కూడా అదే ఆదివారం పణంలో ఉంటాయి. డాల్టన్ వచ్చిన మొదటి ఆదివారం లాస్ వేగస్‌లో 36-22తో గెలిచారు, 319 గజాలు, మూడు టచ్‌డౌన్లు. అదే లైన్, అవే ప్లేలు. ఆ రోజు యంగ్ సైడ్‌లైన్‌లో టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనికన్నా బాగా ఆ మ్యాచ్ ఎవరికీ అర్థమై ఉండదు.

తర్వాత డాల్టన్ వరసగా నాలుగు ఓడాడు, చివరిది వాషింగ్టన్‌లో 40-7. అంటే మార్పు వల్ల జట్టు బాగుపడలేదు. కుర్రాడు బాగుపడటానికి ఆ అయిదు వారాల్లో ఏం చేయాలో, ఎప్పుడు తిరిగి ఆడిస్తారో బయటికి చెప్పినమాట ఏమీ లేదు. ట్రేడ్ చేసేస్తారా అని పేపర్లన్నీ రాశాయి.

అక్టోబర్ 22న డాల్టన్ కుటుంబంతో వెళుతుండగా కారు ప్రమాదం జరిగింది. పెద్ద గాయాలేమీ కాలేదు, కానీ విసిరే చేతి బొటనవేలు బెణికింది. అందుకని ఆ ఆదివారం డెన్వర్‌లో యంగ్ ఆడాల్సి వచ్చింది. కాగల కార్యం గంధర్వులు తీర్చినట్టు. తర్వాత కథ బాగా సాగింది కాబట్టి ఇప్పుడందరూ దీన్ని గొప్ప వ్యూహంగా చెప్పుకుంటున్నారు. నా దృష్టిలో ఈ కేసులో క్లబ్‌కి మార్కులు తగ్గించాల్సిన చోటు ఇదే. ఆ బొటనవేలు బెణక్కపోతే అతను ఎప్పుడు తిరిగొచ్చేవాడు?

నా కుర్రాడు

ఇది నేను కోచింగ్‌కి వచ్చిన రెండో ఏడు. పేరు చెప్పను, కుర్రాడనే అంటాను. పదో తరగతి. చెయ్యి మంచిది, మాట మృదువు, ప్లేబుక్ అందరికన్నా ముందే కంఠతా పట్టాడు. మూడు మ్యాచ్‌లు ఘోరంగా పోయాయి. మా కుడి టాకిల్ (లైన్‌లో గార్డ్ పక్కన, చివర నిలబడేవాడు) ఆ ఏడు కొత్తగా ఆటలోకి వచ్చినవాడు, ప్రతి మూడో ప్లేకి అటునుంచి ఎవడో ఒకడు దూసుకొచ్చేవాడు. మూడో మ్యాచ్‌కి కుర్రాడి పాదాలు పెనం మీద పెట్టినట్టు అయ్యాయి. స్నాప్ అందుకుని మూడడుగులు వెనక్కి వేసి, వెనక పాదం నేలకి ఆనించి విసరాలి. అతని వెనక పాదం ఆనేది కాదు, టకటకా గెంతుతూనే ఉండేది. పాదం ఆనకపోతే నడుం తిరగదు, నడుం తిరక్కపోతే బంతి రిసీవర్ నెత్తి మీదుగా పోతుంది. నాకు కనబడింది నెత్తి మీదుగా పోయిన బంతులు. పాదం దాకా చూసింది ఆలస్యంగా, టాకిల్ దాకా చూసింది ఇంకా ఆలస్యంగా.

నాలుగో మ్యాచ్‌కి ఇంకొకణ్ణి పెట్టాం. హెడ్ కోచ్ నిర్ణయం, సలహా నాది. జట్టంతా ఉన్నప్పుడు లైనప్ చదివాం, కుర్రాడు అక్కడే విన్నాడు. ప్రాక్టీస్ అయ్యాక నా దగ్గరికొచ్చి అడిగాడు.

"కోచ్, మళ్ళీ ఎప్పుడు ఆడతాను?"

"చూద్దాం," అన్నాను. అన్నది ఇంగ్లీషులోనే, కానీ లోపల పలికింది మన 'చూద్దాం'. చిన్నప్పుడు గుంటూరులో సైకిల్ అడిగితే నాన్న అన్నాడే, అది. పెళ్ళి సంబంధం నచ్చనప్పుడు అంటారే, అది. ఆ మాటకి అర్థం తెలియడానికి తెలుగు రానక్కర్లేదు. అతనికి వెంటనే అర్థమైంది.

ఆ తర్వాత ప్రాక్టీస్‌లో అతనికి మొదటి జట్టుతో ఒక్క ప్లే కూడా దక్కలేదు. ఎందుకంటే ఉన్న టైమంతా కొత్తవాడికి సరిపోయేది కాదు. ఇతను రెండో జట్టుతో, వచ్చే వారం ప్రత్యర్థి వేసే ప్లేలు నటిస్తూ ఉండేవాడు. ఇద్దరు ముగ్గురు కోచ్‌లం దారిన పోతూ తలో మాట అనేవాళ్ళం. ఒకరు మోచెయ్యి ఎత్తమంటే ఒకరు దించమన్నారు. 'బెంచ్ మీద కూర్చుని నేర్చుకుంటాడు' అని మేం అనుకున్నాం. చూసి నేర్చుకునేది కొంత ఉంటుంది, నిజమే. కానీ పాదం చూడటం వల్ల కుదురుకోదు.

నవంబర్‌లో సామాన్లు తిరిగిచ్చే రోజు. హెల్మెట్, భుజాల ప్యాడ్లు, జెర్సీ ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. చివర్లో మణికట్టు పట్టీ. అందులో ప్లాస్టిక్ కవర్ కింద ఆ వారం ప్లేల కార్డు ఉంటుంది, క్వార్టర్‌బ్యాక్ ఆట మధ్యలో అది చూసుకుంటాడు. కొత్త కార్డులు వారం వారం కోచ్‌ల గది బయట డబ్బాలో పెడతాం, ఆడేవాడు తీసుకుంటాడు. నేను యధాలాపంగా పట్టీ తెరిచాను. చివరి మ్యాచ్ కార్డు. అంటే ఏడు వారాలు, ఆడడని తెలిసీ, ప్రతి వారం కార్డు మార్చుకున్నాడు. అంచులు కత్తెరతో నీట్‌గా కత్తిరించి ఉన్నాయి.

వసంతంలో బేస్‌బాల్‌లో చేరాడు. మళ్ళీ ఫుట్‌బాల్‌కి రాలేదు.

డెన్వర్ నుంచి అట్లాంటా దాకా

డెన్వర్‌లో పాంథర్స్ 28-14తో ఓడింది. యంగ్ రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. కానీ 224 గజాలు, రెండు టచ్‌డౌన్లు ఉన్నాయి. నాకైతే ఆ 84 గజాల భయం భయం ఆట కన్నా ఈ మచ్చలున్న ఆటే నచ్చింది. తప్పు చేయడానికి సిద్ధపడ్డాడు, అంటే ముందుకి చూస్తున్నాడు.

తర్వాత న్యూ ఆర్లీన్స్ మీద 23-22, మ్యూనిక్‌లో జెయింట్స్ మీద ఓవర్‌టైమ్‌లో 20-17. డాల్టన్ వేలు నయమైనా కనాలెస్ యంగ్‌నే ఉంచాడు, అయితే వారం వారం విడివిడిగా ప్రకటిస్తూ వచ్చాడు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. తన ఉద్యోగం సోమవారం సోమవారం రెన్యూ అవుతుంటే ఎవడికి టెన్షన్ తగ్గుతుంది? అయినా కుర్రాడు తట్టుకున్నాడు. చుబా హబ్బర్డ్ ఆ ఏడాది 1,195 గజాలు పరిగెత్తాడు, అది పెద్ద సాయం. పరుగు పనిచేస్తుంటే అవతలి లైన్‌బ్యాకర్లు ఒక అడుగు ముందుకి లాగబడతారు, ఆ అడుగే క్వార్టర్‌బ్యాక్‌కి దొరికే కిటికీ. కాన్సాస్ సిటీతో 30-27, టాంపాతో ఓవర్‌టైమ్‌లో 26-23, ఫిలడెల్ఫియాలో 22-16, ఈ మూడూ ఓటములే. కానీ ఏడాది ముందు అయితే మూడో క్వార్టర్‌కే జనం కార్లెక్కేవాళ్ళు. చివరి మ్యాచ్ అట్లాంటాలో 44-38, ఓవర్‌టైమ్. మూడు టచ్‌డౌన్లు విసిరి, రెండు తనే పరిగెత్తి చేశాడు. తిరిగొచ్చాక ఆడిన పది మ్యాచ్‌లలో 15 టచ్‌డౌన్ పాస్‌లు, 6 ఇంటర్‌సెప్షన్లు. గెలిచింది నాలుగే.

2025 నవంబర్‌లో మళ్ళీ అట్లాంటాలోనే 448 గజాలు విసిరాడు, పాంథర్స్ చరిత్రలో ఒక మ్యాచ్‌లో అంత ఎవరూ విసరలేదు. ఆ సీజన్‌లో 8 గెలుపులు, 9 ఓటములతోనే తమ డివిజన్ (నాలుగు జట్ల గుంపు) గెలిచి, ప్లేఆఫ్‌లో రామ్స్ మీద 34-31తో ఓడారు. గొప్ప క్వార్టర్‌బ్యాక్ అయిపోయాడని నేను అనను. ఒక వారం అద్భుతం, మరుసటి వారం నీరసం, ఇంకా ఉంది. కానీ 2024 సెప్టెంబర్‌లో అతన్ని చౌకబేరానికి అమ్మమన్న వాళ్ళు ఇప్పుడు ఆ మాట ఎత్తరు.

అమ్మేయడం గురించి ఈ క్లబ్‌కి వేరే పాఠం అక్కర్లేదు. 2022లో వాళ్ళ దగ్గర ఒకేసారి బేకర్ మేఫీల్డ్, సామ్ డార్నల్డ్ ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ వేరే జట్లు పెంచి, విసిగి, వదిలేసిన కుర్రాళ్ళు. మేఫీల్డ్‌ని డిసెంబర్‌లో విడుదల చేశారు, మరుసటి ఏడాదే టాంపాలో 28 టచ్‌డౌన్లు విసిరాడు. డార్నల్డ్ కాంట్రాక్ట్ అయిపోతే పోనిచ్చారు, 2024లో మిన్నెసోటాకి 14 మ్యాచ్‌లు గెలిపించాడు. ఇద్దరి చేతులూ షార్లెట్‌లో ఉన్నప్పుడూ అవే చేతులు.

ఇప్పుడు నేను చేసేది

కుర్రాడు తడబడుతుంటే ముందు వీడియో ముక్కలు చేస్తాను. అందని బంతి, సాక్, ఇంటర్‌సెప్షన్, ప్రతిదాన్నీ మూడుసార్లు చూస్తాను. మొదటిసారి లైన్‌ని, రెండోసారి రిసీవర్లని, మూడోసారే క్వార్టర్‌బ్యాక్‌ని. క్వార్టర్‌బ్యాక్‌ని ముందు చూస్తే ఇక వేరేవాళ్ళు కనబడరు, ఇది అనుభవం మీద తెలిసింది. తప్పు ఎవరిదో ఒక కాగితం మీద గీతలు పెడతాను. సగానికి పైగా అతనివి కాకపోతే అతన్ని మార్చమని అడగను, ప్లేలు మార్చమని అడుగుతాను. ఒక టైట్ ఎండ్‌ని (బంతీ అందుకోగలడు, అడ్డమూ నిలబడగలడు) బ్లాకింగ్‌కి ఆపడం, కుర్రాణ్ణి పక్కకి పరిగెత్తించి మైదానంలో సగమే చూడమనడం, మొదటి రెండు పాస్‌లు కళ్ళు మూసుకున్నా అందేవి పెట్టడం. ఇవేవీ కొత్త విద్యలు కావు, ప్రతి కోచ్‌కీ తెలుసు. ఓడుతున్నప్పుడు గుర్తురావు, అదే చిక్కు.

కూర్చోబెట్టక తప్పనప్పుడు ముందు అతనికి చెబుతాం, ఒంటరిగా, జట్టుకి తెలియకముందే. అతనితో మాట్లాడే కోచ్ ఒక్కడే, మిగతావాళ్ళు ఏదైనా చూస్తే ఆ ఒక్కడికి చెప్పాలి. ప్రతి ప్రాక్టీస్‌లో మొదటి జట్టుతో కొన్ని ప్లేలు అతనికి రాసిపెట్టి ఉంటాయి, వర్షం వచ్చి టైం తగ్గినా అవి పోవు. దీని మీద హెడ్ కోచ్‌తో నాకు రెండుసార్లు గొడవైంది. ఆదివారం గెలవాల్సిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టుకి ఇది ఇంకా కష్టమని నాకు తెలుసు. వాళ్ళకి ప్రాక్టీస్ సమయం కొలిచి ఇచ్చినట్టుంటుంది, బ్యాకప్‌కి చాలా తక్కువ దక్కుతుంది. అయినా అంత ధర పెట్టి తెచ్చినవాడి కోసం ఆ కొంచెం కూడా కేటాయించలేకపోతే, అది బెంచ్ కాదు, గోడౌన్.

నేర్పే సంగతి కూడా ఒక్కటే ఎంచుకుంటాం. పాదం అయితే పాదమే. మోచెయ్యి జోలికి ఎవరూ వెళ్ళరు.

ఈ సెప్టెంబర్‌లో ఒక తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి ఇలాగే ఆపాల్సి వచ్చింది. బస్సు దగ్గర అదే ప్రశ్న వేశాడు. ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి అక్టోబర్‌లో ఒక గురువారం చూపించాను. సొంత మైదానంలో మ్యాచ్, రెండో క్వార్టర్ మొత్తం నీదే, స్కోరు ఎంతున్నా. ఆ లోపు రోజూ యాభై సార్లు మూడడుగుల డ్రాప్, నేను చూస్తుండగా.

"స్కోరు ఎంతున్నానా?" అని మళ్ళీ అడిగాడు.

"ఎంతున్నా."

హెడ్ కోచ్‌కి అప్పటికింకా చెప్పలేదు. బస్సెక్కి చెప్పాను.